నాలుగు మార్కుల ఊపిరి

2023 మే నెల. ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతున్నాను. సప్లిమెంటరీకి, అంటే తప్పినవాళ్లు మళ్లీ రాసే పరీక్షకు, గుప్పెడుమంది మిగిలారు. ఆ ఎండకు బోర్డు మీద రాసిన గ్లూకోజ్ పాకమై కారేది. చీమలు బెంచీలెక్కి పాఠం వినేవి. నా మాటల్లో అబద్ధం ఇంతవరకే. మిగిలిందంతా నిజం, కాకపోయుంటే బాగుండేది.

సెల్యులార్ రెస్పిరేషన్ అంటే కణం గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి తీసుకోవడం. "ఎంత రాయల్ల సార్?" అని ఏటా అడుగుతారు. నా జవాబు తయారుగా ఉంటుంది: "గ్లైకాలిసిస్ సైటోప్లాజంలో, క్రెబ్స్ సైకిల్ మైటోకాండ్రియాలో. దశల పేర్లు, ఒక బొమ్మ, చివర ఏటీపీ. నాలుగు మార్కులకు ఒక పేజీ. పేజీ తిప్పినారో, మీ ఖర్మ."

రూతు ఒక్కతే రాసుకోలేదు. పని కోసం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. వాళ్లమ్మ ఏళ్ల తరబడి జిన్నింగ్ మిల్లులో, పత్తి నుంచి గింజ వేరుచేసే చోట, పనిచేసి ఇప్పుడు నాలుగు మెట్లెక్కలేకపోతోంది. పాసైతే రూతు నర్సింగుకు పోతుంది. తప్పితే సీజన్ రాగానే అమ్మ బదులు మిల్లుకు.

"మాయమ్మ గాలి పీలుస్తానే ఉంటాది గదా సార్. మళ్ల ఆయాసం యాల? కణంలో ఆక్సిజన్ ఏం జేస్తాది?"

"అంత లోతుగా అడగరమ్మా."

"వాళ్లు అడగకుంటే పోనీ సార్. నేను అడుగుతాండా."

"సెప్పండి సార్," అన్నాడు వెనక బెంచీ వాడు. "లేకుంటే ఈయమ్మి మనల్ని ఇంటికి పోనియ్యదు."

చెప్పాను. "మిల్లులో చివర దూదిని అదిమి బేళ్లు కట్టే ప్రెస్ ఉంటుంది కదా? ఆక్సిజన్ అట్లాంటిది. గ్లూకోజ్ విరిగినప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లను చివర నిలబడి అందుకుంటుంది. ప్రెస్ ఆగితే?"

"దూది ఎనకాల పేరుకుపోతాది. మిషన్లన్నీ నిలిపేయల్ల."

"అంతే. పత్తి దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ కణందాకా సరిగా అందదు."

"మిషన్ నిలిస్తే మేస్త్రీ పరిగెత్తుకొస్తాడు సార్. మాయమ్మకు ఎవురూ రాలే."

పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. నాలుగు మార్కులే.

"ఎంత రాసినావు?" అన్నాను గేటు దగ్గర.

"అంతా రాసినా సార్. పేజీలకు పేజీలు."

"మిగతావి?"

"టైము సాలలే."

తప్పింది.

పిల్లలు ఇప్పటికీ ఎంత రాయాలని అడుగుతారు. ఒక పేజీ అనే చెబుతాను. దిద్దేవాళ్లకు అంతకుమించి అక్కర్లేదని రూతు పేపరే నాకు నేర్పింది.

ఆ సీజన్‌లో మిల్లు ముందు కనబడింది, ముక్కుకు చున్నీ కట్టుకుని.

"గట్టిగా కట్టుకోమ్మా," అన్నాను.

"గట్టిగా కడితే ఊపిరాడదు, వదులు జేస్తే దుమ్ము. ఎంత కట్టుకోవల్ల సార్?"