ఉప్పునీళ్ల తలంటు

కామాక్షమ్మ జుట్టులో దువ్వెన ఇరుక్కుపోయింది. ఎటు లాగినా రాలేదు. ఆమె పాలెం పెద్దకాపు చిన్నపోలయ్య భార్య. దువ్వెనను తలలో అట్లాగే వేలాడేసుకుని, వలల షెడ్డు కింద మొగుడు కూర్చున్న చోటికి నడిచివచ్చింది. వెనక ఊళ్లోని ఆడవాళ్లంతా ఉన్నారు. అందరి జుట్టూ జిగురే.

"యాడుండాది ఆ ధనలక్ష్మి? ఇది జుట్టా, కొబ్బరి పీచా, చూసి చెప్పమను!"

ధనలక్ష్మి అప్పటికే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమె అడిగితేనే ఊళ్లో కట్టుబాటు పడింది. షాంపూ ప్యాకెట్టు ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు. ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి ఆనుకున్న ఈ జాలరి పాలేల్లో ఊరిపెద్దను కాపంటారు, ఆ కాపు మాటంటే మాటే. వేట వంతులు, మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చే ఆ మాట తల మీది నురగ దాకా రావడం మాత్రం ఇదే మొదలు.

ఆమె పట్టుదల ఊరికే పుట్టింది కాదు. వానల్లో మొగుడు గంగులయ్య పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. ఇంజను చల్లబడేందుకు నీళ్లు లాగే గొట్టం నోట్లో షాంపూ ప్యాకెట్లు అడ్డంపడి, ఇంజను కాగి పట్టేసింది. పడమటి గాలి పడవను ఇంకా లోపలికి తోసుకుపోతుంటే వేరే పడవ వాళ్లు చూసి తాడేసి లాక్కొచ్చారు. గంగులయ్య ఆ ప్యాకెట్లు తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఒకటి ఆమె వాడే రకమే.

తరవాత ఆమె కొడవలూరు పోయి, అక్కడి మహిళా సంఘంలో షాంపూ బిళ్ల చేయడం నేర్చుకుంది. కొబ్బరినూనె, కాస్టిక్ సోడా, శీకాయ పొడి, మందారాకు. కాగితంలో చుట్టి ఇస్తే చాలు, ప్లాస్టిక్కుతో పనిలేదు. తెల్లారకముందే పడవల దగ్గరుండాల్సిన ఆడవాళ్లకు కుంకుళ్లు కొట్టి నానేసే తీరికెక్కడిది? బిళ్లయితే తడిపి రుద్దుకోవడమే. కొడవలూరులో తలంటుకున్న రోజు ఆమె జుట్టు పట్టుకుచ్చులా జారింది.

అయితే ఊళ్లు తిరిగినవాడికి భాష కన్నా ముందు నీళ్లే చెబుతాయి, ఏ చోటికి వచ్చామో. ఒకచోట ఎంతసేపు మరిగినా పప్పు ఉడకదు. ఒకచోట ఎన్ని చెంబులు పోసుకున్నా ఒంటికి సబ్బు వదలదు. కొడవలూరుది వరికి పారే కాలువ నీరు. ఈ పాలెంలో బోరు కొడితే వచ్చేది ఉప్పునీరు. ఆ నీళ్లలో సబ్బు విరిగి జిగురై పట్టుకుంటుంది. ధనలక్ష్మి ఈ నీళ్లతో ఒక్కసారైనా తలంటి చూడకుండా ఇల్లిల్లూ తిరిగి బిళ్లలిచ్చింది.

"నేను ముందే చెప్పినా గదా కాపన్నా," అన్నాడు అంగడి మాలకొండయ్య. "ప్యాకెట్టయితే చించినామా, పోసుకున్నామా, అంతే! సరుకు లోపలే ఉండాది. నువ్వు ఊ అంటే దండలు దండలుగా వేలాడగడతా."

చిన్నపోలయ్య గడ్డం గోక్కున్నాడు. "ఏం మే ధనలక్ష్మీ, కట్టుబాటు తీసేయమంటావా?"

షెడ్డు అవతల గంగులయ్య నూనె డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ సాయంత్రం అతను మళ్లీ వేటకు పోవాలి. ఆమె తలవంచి చేతులు చూసుకుంది. పొద్దున తలంటుకున్నప్పటి తెల్లటి జిగురు ఎడమ చేతికి ఇంకా ఉంది. కుడి చేతికి లేదు. ఇప్పుడే చేపల పులుసుకు చింతపండు పిసికి వచ్చింది ఆ చేత్తోనే.

పులుపుకే వదిలినట్టుంది. చేతికి వదిలింది తలకు వదలకపోతే?

"అత్తా, నీ తల ఒక్కసారి నా చేతికియ్యి. వదల్లేదంటే ఆ ప్యాకెట్లు నేనే దండలు కడతా," అంది కామాక్షమ్మతో.

చింతపండు నీళ్లు వడగట్టి తెచ్చేసరికి నవ్వులు లేచాయి. "తలకాయ పులుసు పెడతావా ఏందమ్మే? ఉప్పూ కారం యాడ?"

"కళ్లు మూసుకో అత్తా," అని మొదటి చెంబు పోసింది. జుట్టు ఇంకా ఉండకట్టే ఉంది. రెండో చెంబు పోసి వేళ్లతో కుదుళ్లలోకి పట్టించింది. ఎవరూ నవ్వడం లేదు. చివరి చెంబు పోస్తుంటే దువ్వెన కదిలింది, కొంచెం జారింది, ఇసకలో పడింది.

కామాక్షమ్మ దాన్ని ఏరుకుని కడిగి, నుదుటి నుంచి చివర దాకా దువ్వింది. ఒకచోట ఆగింది. ధనలక్ష్మి కళ్లు మూసుకుంది. దువ్వెన మళ్లీ కదిలి కిందిదాకా వచ్చింది.

"వదిలిందిలే," అంది కామాక్షమ్మ. "ఇంక ఈ పులుసు వాసనకు పిల్లులొచ్చి నా తల మీద కూకుంటే మటుకు నీదే పూచీ."

"అయితే కట్టుబాటు ఉన్నట్టే," అన్నాడు చిన్నపోలయ్య.

మాలకొండయ్య అంగట్లోకి పోయి అప్పుడే వచ్చాడు. చేతినిండా చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు, వాటిలో చింతపండు.

"ఆ కవర్లు లోపల పెట్టు మామా," అంది ధనలక్ష్మి. "కాగితంలో కట్టియ్యి."

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. గంగులయ్య మాత్రం నేరుగా పడవ దగ్గరికి పోయి, వంగి, నీళ్లు లాగే గొట్టం నోట్లో వేలు పెట్టి చూసుకున్నాడు.