కోస్తే పెరిగే పుండు

చర్మ డాక్టరమ్మ గదిలో ఆ మధ్యాహ్నం బాపు, అవ్వ, వాళ్ల కొడుకుని నేను; బల్ల మీద పాత రిపోర్టుల కవరు, విప్పిన గాజుగుడ్డ, రోజూ పుండు కొలిచే నా స్టీలు స్కేలు. బాపు ఎడమ చేతి వెనుక పుండు. అది చూపుడు వేలి మొదలు దాకా వచ్చింది. మర్నాడు పొద్దున ఆ వేలు తీసేయాలని ఇదే కరీంనగర్ ఆసుపత్రిలో సర్జన్ చెప్పాడు.

బాపు చొప్పదండిలో మరమగ్గం, మా మాటలో సాంచె, నడుపుతాడు. చిన్న పొక్కుగా మొదలైతే ఇన్ఫెక్షన్ అని రెండుసార్లు కోసి శుభ్రం చేశారు. కోసినప్పుడల్లా అంచు ఊదారంగుకు తిరిగి ముందుకు జరిగింది. కోతల మధ్య కూడా ఎందుకు పెరుగుతోందో నా కొలతలకు అందలేదు.

"ఇది క్రిముల పుండు కాదనిపిస్తోంది," అంది డాక్టరమ్మ. "పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అంటారు. ఒంట్లోని రక్షణ కణాలే చర్మాన్ని తినేస్తాయి. ఎక్కువగా కాలికి వస్తుంది, చేతికి అరుదు. కోస్తే పెరుగుతుంది. ఇంట్లో ఏమైనా చేశారా?"

బాపు అవ్వ వైపు చూశాడు.

"చెప్పు, నన్నేం జూస్తవ్?" అంది అవ్వ. "రోజూ పోగులు కత్తిరిచ్చే కట్టర్‌తోని పుండు అంచులు కత్తిరిచ్చుకుంటుండు మేడం. వద్దంటే ఇన్లే."

"పోగు పాడైతే మంచి పోగు దొరికేదాంక కత్తిరిచ్చి ముడేస్తం గదా," అన్నాడు బాపు.

"నీ చెయ్యేమన్న సాంచె మీది బట్టనా?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ రక్షణ కణాలను అణిచే స్టెరాయిడ్ రాసింది. తన అంచనా తప్పయి లోపల క్రిములే ఉంటే ఈ మందుతో అవి చెలరేగుతాయని కూడా చెప్పింది. పరీక్షల్లో క్రిములేవీ కనిపించలేదన్నదే ధైర్యం. సర్జన్ మూడు రోజులు ఆగుతానన్నాడు.

వార్డులో నేను కూర్చోలేకపోయాను. కిటికీకీ మంచానికీ మధ్య తిరిగాను.

"నా కట్టరేది రా?" బాపు చొక్కా జేబు తడుముకున్నాడు.

"నా దగ్గరుంది. ఇయ్య."

"బాపుకు ఎదురు చెప్పుడు ఎవడు నేర్పిండ్రా?"

"ఇంకెవరు, నువ్వే."

బాపు కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అన్నాడు: "ఆ వేలు పోతే ముడి పడదు కొడుకా."

మూడో పొద్దున నర్సు కట్టు విప్పింది. చర్మానికి తాకకుండా స్కేలు పైన పట్టాను. మళ్లీ ఒకసారి చూశాను. నిన్న వెడల్పు నలభై ఆరు మిల్లీమీటర్లు. ఇవాళ నలభై నాలుగు.