ఎందుకో అనిపించింది

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి పని పెద్దగా రాదు గానీ నమ్మకాలు మాత్రం దండిగా ఉంటాయి. నాకైతే నా మనసు మీద నమ్మకం ఉండేది. (మెదడు మీద పెట్టుకోవద్దని కాలేజీవాళ్లు మార్కుల రూపంలో అప్పటికే చెప్పేశారు.) "ఎందుకో అనిపించింది" అని నేను అన్నానంటే అది జరిగి తీరుతుందని నేనూ, నాతోపాటు బెంగళూరులో ఒక ఆఫీసు ఆఫీసంతా కొన్నాళ్లపాటు నమ్మాం. ఇప్పుడు తలుచుకుంటే ఎవరిని చూసి ఎక్కువ ఆశ్చర్యపోవాలో తెలియదు, నన్నా, వాళ్లనా.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి మేడమీద ఉండేది మా కంపెనీ. పొద్దున్నే ఇళ్లకు పూజపూలు చేర్చే యాప్ మాది. యజమాని గుంటూరు వైపు మనిషి, మాకంటే కొద్దిగా పెద్ద, అందరం 'అన్నా' అనే పిలిచేవాళ్లం. ఆయన తర్వాత అంతటి మనిషి, ఆఫీసంతా 'అక్కా' అని పిలిచే ఆవిడ. బెంగళూరు అంచున వర్తూరులో పుట్టి పెరిగిన తెలుగావిడ. యాప్‌లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. (మాలో తప్పులు మాత్రం జీతం లేకుండా పట్టేది.) నేను చేరిన కొత్తల్లోనే పెద్ద గోల వచ్చిపడింది. కొన్ని ఇళ్లకు రెండేసి పొట్లాలు వెళ్తున్నాయి, కొన్నింటికి అసలు వెళ్లడం లేదు. పూలు రాకపోతే దేవుడు ఊరుకున్నా ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు కదా! అందరూ కంప్యూటర్లలోకి తలలు దూర్చి వెతుకుతుంటే, కాఫీ కప్పుతో అటుగా వెళ్తూ నేను, "ఎందుకో ఆనేకల్ దగ్గర ఏదో ఉందనిపిస్తోంది అన్నా," అన్నాను. చూశారు. అక్కడే ఉంది. ఆ ఊరి పేరును ఇంగ్లీషులో జనం రెండు రకాలుగా రాస్తే మా యాప్ దాన్ని రెండు ఊళ్లనుకుంటోంది.

"నీకెలా తెలిసిందిరా?" అన్నాడు అన్న.

"ఏమో అన్నా. అనిపించింది."

ఆ పూట నుంచి నా పేరు 'స్వామి'. ఇల్లు మారాలా వద్దా, అన్నను సెలవు ఇవాళ అడగాలా రేపా, సాయంత్రం వాన పడుతుందా అని జనం నా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. (బెంగళూరులో వాన గురించి ఎవరడిగినా పడుతుందనే చెప్పాలి. నా కీర్తిలో సగం ఆ వానదే.) నేనూ కళ్లు మూసుకుని, తల కొద్దిగా పక్కకు వంచి, కాసేపు ఆగి మరీ చెప్పేవాణ్ని. తప్పినవి ఎవరికీ గుర్తుండేవి కావు, ముఖ్యంగా నాకు.

అలా ఉండగా కొత్త మనిషిని తీసుకోవాల్సి వచ్చింది. "నువ్వు ఇంటర్వ్యూలో కూర్చో. ఏం అడగొద్దు. ఊరికే ఫీలై చెప్పు చాలు," అన్నాడు అన్న. వచ్చిందొక అమ్మాయి, కరీంనగర్ వైపు. అంతకుముందు పనిచేసిన కంపెనీ మూసేశారనీ, ఈ ఉద్యోగం తనకు చాలా అవసరమనీ దాచకుండా చెప్పింది. అన్న అడిగినవాటికి తొణక్కుండా జవాబులిస్తోంది. ఇక్కడ నా పరిస్థితి వేరు. గుండె దడదడ. అరచేతుల్లో చెమట. గొంతు తడుపుకుందామని గ్లాసెత్తితే నీళ్లు చొక్కా మీద పడ్డాయి. నా లోపల ఎప్పుడూ ఇంత గట్టిగా ఏదీ మోగలేదు. ఆమె బయటికెళ్లి హాల్లో కూర్చోగానే, "వద్దన్నా. ఏదో ప్రమాదం ఉంది," అన్నాను.

"అంత స్ట్రాంగ్‌గానా?"

"ఇంత స్ట్రాంగ్‌గా ఎప్పుడూ రాలేదు."

అన్న నిట్టూర్చాడు. "పిల్లకు పని బాగా వచ్చు. కానీ స్వామి వద్దంటున్నాడే," అంటూ కుర్చీలోంచి లేవబోయాడు. అంతదాకా మూలన కూర్చుని నన్నే గమనిస్తున్న అక్క, "కూర్చోప్పా," అంది ఆయనతో. తర్వాత నావైపు తిరిగింది. "ప్రమాదమంటే ఏమప్పా? నీకు ఏమయితా ఉండాది, అది చెప్పు."

చెప్పాను. దడ, చెమట, ఎండిన గొంతు, అన్నీ. డాక్టరుకు చెప్పినట్టు వివరంగా చెప్పాను. అక్క శ్రద్ధగా విని, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"ఆ పాప జవాబులు సరిగ్గా చెప్పెనా లేదా?" అని అడిగింది అన్నను.

"చెప్పింది."

"మళ్ల ఈయప్పకు చెమట పడితే ఆ పాపకు పని ఏల పోవల్ల? ఈయప్పకు ఫ్యాను వేయించు. ఆ పాపకు పని ఇయ్యి."

అన్న నన్నూ, తడిసిన నా చొక్కానూ ఎగాదిగా చూసి విరగబడి నవ్వాడు. నాకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. అర్థమయ్యాక చెవులు కాలిపోయాయి. తలుపు సందులోంచి చూస్తే హాల్లో ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుని ఉంది. నా చెమటకు నేను చెప్పుకున్న అర్థం ఆమెను తిరిగి రోడ్డు మీదికి పంపేసేదే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు మధ్యలో ఆగిపోతుంది.

ఆమె చేరింది. నా పక్క బల్లే ఇచ్చారు. (అక్క పని.) స్వామి కథ విని అందరిలా నవ్వలేదు. కుర్చీ ఇటు జరుపుకుని, "మరి ఆనేకల్ సంగతి ఎట్ల తెలిసింది? అంతకుముందు రోజు మీరేం పని చేసిన్రు?" అని అడిగింది. ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఫోన్లు ఎత్తే అతను రాకపోతే ఆ రోజు కాసేపు నేనే ఎత్తాను. పూలు రాలేదని గొడవపెట్టుకున్న వాళ్లలో ఆనేకల్ వాళ్లు ఎక్కువ.

"చూసిన్రా! మీరు ముందే విన్నరు. విన్నట్టు మర్చిపోయిన్రు, అంతే," అంది, తనకే ఏదో దొరికినంత సంతోషంగా.

అప్పటినుంచి భోజనాల దగ్గర మాకదే పని. అన్నకు కోపంగా ఉందని నాకు ముందే ఎలా తెలుస్తుంది? మెట్లమీద ఆయన చెప్పుల చప్పుడును బట్టి. ఇలా ఒక్కొక్కటే విప్పుతూ పోతే నా మహిమలన్నీ కరిగిపోయాయి. మొదట్లో దిగులేసినా, నాకు తెలియకుండా నా లోపల ఇంత పని జరుగుతోందా అన్న ఆశ్చర్యం దాన్ని మించిపోయింది. ఒకరోజు ఆమె పెరుగన్నం కలుపుతూ, "మరి ఎన్నడూ చూడనిది ఎదురైతే లోపల ఏమనిపిస్తది?" అంది.

"భయమేస్తుందేమో," అన్నాను. అని, ఇంటర్వ్యూ నాటి చెమట గుర్తొచ్చి నా డబ్బాకు మూత పెట్టేశాను.

కొన్నాళ్లకు ఆమెకు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు సాయంత్రం క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబడ్డాం. "ఇంటర్వ్యూ అయినంక నన్ను తీసుకోవద్దన్నరంట గదా? అక్క చెప్పింది. ఎందుకు?" అంది నవ్వుతూ.

"భయమేసింది."

"నాకు గూడ మస్తు భయమేసింది. మీ చేతుల గ్లాసు వణుకుడు చూసినంక ధైర్యమొచ్చింది. అడిగేటోళ్లే వణుకుతుంటే నాకెందుకనుకున్న."

అప్పుడు అనిపించింది నాకు. దడ లేదు, చెమట లేదు. చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని తేటగా, ప్రశాంతంగా అనిపించింది. కానీ ఆమె దగ్గర చదువుకున్నవాణ్ని కదా, ఆ అనిపించడాన్ని ఆధారం అడిగాను. ఆమె అందరితోనూ ఇలాగే నవ్వుతుంది. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ నాకొక్కడికే కాదు, అందరికీ పెట్టింది. కుర్చీ జరుపుకున్నది మాత్రం నావైపే, అయినా గోడ అటువైపు ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదేమో... విచారణ ఇంకా సాగుతుండగానే క్యాబ్ వచ్చింది. ఆమె చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఇప్పుడు నాకు జుట్టు పలచబడింది, అనిపించడం కూడా తగ్గింది. కానీ వీధి చివర కారు మలుపు తిరిగిపోయాక కూడా, ఆమె చెయ్యి మామూలుగా ఊపిందా, కాస్త ఎక్కువసేపు ఊపిందా అని గేటు పట్టుకుని ఆలోచిస్తున్న ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే మాత్రం భలే ముద్దొస్తాడు.