మీట తిప్పే వేళ

తొంభై నాలుగులో గోదావరిఖనిలోని ఒక బొగ్గు గని ఆఫీసుకు రెండో కంప్యూటర్ వచ్చింది. డబ్బా వచ్చింది గానీ దాని తెరా, కీబోర్డూ రాలేదు. వెనక వస్తాయన్నారు. ఎంత వెనకో ఎవరూ చెప్పలేదు. చూసి చూసి ఎలక్ట్రీషియన్ పోశం ఒక చిన్న ఇనుప పెట్టె తెచ్చి రెండు డబ్బాలకూ మధ్యన బిగించాడు. దాని మీద ఒక మీట. ఎడమకు తిప్పితే తెర మీద కార్మికుల హాజరు, కుడికి తిప్పితే స్టోర్సు సామాను. రెండు పొయ్యిలకు ఒకటే కుండ అన్నమాట. పొద్దున అస్గర్ వంతు. పన్నెండు దాకా స్టోర్సు గదిలో రశీదులు సర్దుకునే చంద్రమతికి ఆ తర్వాత వంతు.

అస్గర్ నిజానికి కంప్యూటర్ మనిషి కాదు. గనిలో నీళ్ళు తోడే పంపు నడిపినవాడు. మోకాలి మీద బండ పడ్డాక ఇక కిందికి దిగలేడని దవాఖానలో రాసిస్తే, నాలుగు రోజులు నేర్పించి కీబోర్డు ముందర కూర్చోబెట్టారు. రెండు వేళ్ళతో కొడతాడు. తక్కిన వేళ్ళు ఎందుకున్నాయో ఆయనకు ఇప్పటికీ తెలియదు. భార్య వజీరున్నీసా పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. క్వార్టర్‌లో ఉర్దూ మాట వినబడటం ఆమెతోనే ఆగిపోయింది. కూరలో ఉప్పెక్కువైనా తిట్టేవాళ్ళు లేరు.

పంపు దగ్గర ఒక పద్ధతి ఉండేది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి ఎదుట నిలబడేదాకా పంపు మనిషి కదలకూడదు. వచ్చాక నీళ్ళు ఎంతున్నాయి, మోటారు ఎట్లా నడుస్తోంది, ఖరాబు ఎక్కడుంది, అన్నీ నోటితో చెప్పి అప్పగించాలి. ఖరాబు దాస్తే కింద పనిచేసేవాళ్ళు నీళ్ళపాలవుతారు. అస్గర్ ఆ అలవాటును పైకి మోసుకొచ్చాడు. మొదటి రోజు చంద్రమతి వచ్చి నిలబడితే, కుర్చీలోంచి లేవకుండానే మొదలుపెట్టాడు.

“చెల్లె, తెర మంచిగనే ఉన్నది. ఆరో నంబరు జర పట్టుకుంటున్నది, గట్టిగ ఒత్తాలె. మధ్యల ఒకపారి కరెంటు పోయింది. ఇగ నువ్వు చూస్కో.”

చంద్రమతిది తణుకు వైపు. భర్త వీర్రాజుకు పవర్ హౌస్‌లో షిఫ్టు డ్యూటీ కాబట్టి ఈ ఎండల ఊరికి వచ్చి పడింది. ఇదేం తంతురా బాబూ అని నవ్వుకుంది. పోనుపోను ఆమే అడగడం మొదలుపెట్టింది. “ఏం అన్నయ్యా, ఇవాళ నాకు చార్జి ఇవ్వరా?” అప్పగింత కీబోర్డు నుంచి కూరలకు, కూరల నుంచి ఎండలకు, అక్కడి నుంచి వజీరున్నీసా చేసే పుల్లటి పప్పు ఖట్టీ దాల్‌కు పాకింది. రోజు మొత్తంలో అస్గర్‌తో ఎవరైనా పనిలేని మాట మాట్లాడేది అప్పుడే. తక్కినవాళ్ళంతా “నాకు నాగా ఎందుకు పడ్డది?” అని కిటికీలోంచి కయ్యానికి వచ్చేవాళ్ళే.

ఒంటిపూట బళ్ళు మొదలైన రోజుల్లో, చంద్రమతి సెలవు పెట్టిన ఒకనాడు, ఆఫీసరు సుబ్రహ్మణ్యం తలుపు దగ్గర ఆగాడు.

“అస్గర్, ఒక తెరా కీబోర్డూ వచ్చాయి. రామకృష్ణాపూర్ గని వాళ్ళూ అడుగుతున్నారు. మీకు ఇబ్బందిగా ఉందా, సర్దుకుంటారా?”

రెండో తెర వస్తే చంద్రమతి తన గదిలో తన పని తాను చేసుకుంటుంది. ఇక ఇటువైపు రావలసిన పనే ఉండదు. అస్గర్ చూపు తెర మీదికి తిప్పుకున్నాడు.

“ఇబ్బందేం లేదు సార్. నడుస్తున్నది,” అన్నాడు.

మర్నాడు చంద్రమతి మొహం చేటంత చేసుకుని వచ్చింది. “అన్నయ్యా, తెర వచ్చిందట! ఇక పొద్దున్నే పని మొదలెట్టి రెండింటికల్లా ఇంటికి వెళ్ళిపోతాను. సార్ ఎప్పుడో ఒప్పుకున్నారు.” అస్గర్ ఆరో నంబరు సంగతి చెప్పాడు, కరెంటు సంగతి చెప్పాడు, లేచి వెళ్ళిపోయాడు.

ఆ తెర రామకృష్ణాపూర్‌కు తరలిపోయింది. ఆ రోజు చంద్రమతి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఎవరో అక్కర్లేదని చెప్పారట అన్నయ్యా. నేనెవరికి ఏం అన్యాయం చేశాను?”

అస్గర్ కుర్చీలోంచి లేవలేదు. ఖరాబు దాచి పంపు అప్పజెప్పినవాడిని గనిలో ఎవరూ మనిషిగా చూడరు.

“చెప్పింది నేనే చెల్లె,” అన్నాడు.

“మీరా? ఎందుకు?”

“నువ్విటు వచ్చుడు బందైతదని. నాతోని మాట్లాడేటోళ్ళు ఇంకెవరున్నరు?”

చంద్రమతి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మా రత్నమాలకు ఆరేళ్ళు అన్నయ్యా. మధ్యాహ్నమే బడి వదిలేస్తారు. నేను వెళ్ళేదాకా తాళం వేసిన గుమ్మం ముందు కూర్చుంటుంది. దానితో మాట్లాడేవాళ్ళూ ఎవరూ లేరు.”

అస్గర్ అన్నం గిన్నె విప్పకుండానే కుంటుకుంటూ ఆఫీసరు గదికి వెళ్ళాడు. “మొన్న అబద్ధం చెప్పిన సార్. మస్తు ఇబ్బందున్నది. మాకు తెర కావాలె.” సుబ్రహ్మణ్యం నాలుగు చీవాట్లు పెట్టి పంపాడు. అస్గర్ మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాతా వెళ్ళాడు. ఈయన పోరు పడలేక ఆఫీసరు ఎవరెవరికో ఫోన్లు చేసి, ఒంటిపూట బళ్ళు ముగియకముందే ఇంకో తెర తెప్పించాడు.

పోశం ఇనుప పెట్టె ఊడదీశాడు. చంద్రమతి కంప్యూటర్ స్టోర్సు గదిలోకి వెళ్ళింది. మొదటి రోజు రెండు గంటలకు ఆమె సంచీ భుజాన వేసుకుని కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“వస్తానన్నయ్యా. పాప చూస్తూ ఉంటుంది.”

“జల్ది పో చెల్లె. పిల్ల ఎండల కూసుంటది.”

ఆమె దాదాపు పరుగెత్తుతున్నట్టే గేటు దాటింది. అస్గర్‌కు సంతోషంగానే ఉంది. ఏడుపూ వచ్చింది. సాయంత్రం క్వార్టర్‌కు వెళ్ళి పొయ్యి ముట్టించాడు. అన్నం ఉడికేలోగా మర్నాడు చంద్రమతికి చెప్పవలసిన కబుర్లు రోజూ కూడబెట్టుకునేవాడు. ఆ పూట అన్నం ఉడికే చప్పుడు వింటూ కూర్చున్నాడు.