చెరువులో మునిగిన ట్రాక్టరు, ఒడ్డెక్కిన పెంచలయ్య

నాకు కోపం ఎక్కువని ఆత్మకూరులో ఎవరిని అడిగినా చెబుతారు. ఎక్కువే, కాదనను. ముప్పై రెండేళ్లుగా సోమశిల రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు బాగుచేస్తున్నవాడికి కోపం రాలేదంటే, వాడికి చెవుడైనా ఉండాలి, మతైనా లేకుండా ఉండాలి. నా పేరు మాల్యాద్రి. అందరూ మేస్త్రీ అంటారు. అయితే ఇది నా కథ కాదు, పెంచలయ్య కథ. ట్రాక్టరును అంత ఘోరంగా హింసపెట్టిన డ్రైవరు ఈ చుట్టుపక్కల ఇంకొకడు పుట్టలేదు. ఈ మాట వాడి ముందే అంటాను. వాడు నవ్వుతాడు.

అసలు బండ్లు వాటంతట అవి చెడవండీ, చెడగొడతారు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసిన మరుక్షణం చెవులు పగిలేలా రేజు చేస్తారు. క్లచ్ పెడలు మీద పెట్టిన పాదం సాయంత్రం దాకా తీయరు. రేడియేటరులో కాలువ నీళ్లు బురదతో సహా పోస్తారు. ఫ్యాను బెల్టు తెగితే పాత చీర చించి కడతారు. జేసీబీ వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మట్టి తీయడానికి ఇచ్చిన బకెట్లో ఇద్దరిని నిలబెట్టి ఫ్లెక్సీలు కట్టిస్తారు, ఊరేగింపు వస్తే అందులోంచే పూలు చల్లిస్తారు. పిన్నులన్నీ అరగ్గొట్టి నా దగ్గరకు తెచ్చి, ఈ మధ్య పిన్నుల మాలు బాగా రావడం లేదు మేస్త్రీ అంటారు. ఒళ్లు మండదా మరి?

అందుకే నా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. బండి ఎవరి చేతిలో చెడిందో, వాళ్లే వచ్చి నా పక్కన కూర్చుని విప్పాలి. ఓనరు ఒక్కడే వస్తే కుర్చీ వేస్తాను, టీ తెప్పిస్తాను, బండి మీద మాత్రం చెయ్యి వేయను. ఈ పద్ధతి వల్ల సగం గిరాకీ పోయింది. పోనీ.

పెంచలయ్యది మర్రిపాడు. వాళ్ల నాయన మేకలు తోలేవాడు. వీడికి పద్నాలుగేళ్లప్పుడు ఊళ్లోకి మొదటి ట్రాక్టరు వస్తే, దాని మడ్‌గార్డు మీద కూర్చుని, తోలేవాణ్ని చూసి చూసి నేర్చుకున్నాడు. ఆ తోలేవాడికే ఏమీ రాదు. వాడి తప్పులన్నీ వీడికి విద్యగా అబ్బాయి. పెద్దయ్యాక అనంతసాగరంలో వెంకటరమణయ్య గారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. మనిషి బంగారం. ఎవరి బండి దిగబడినా తన పని మానుకుని వెళ్లి లాగేవాడు. ఆ లాగడంలోనే రెండు బండ్లనూ పాడుచేసేవాడు.

ట్రాలీలో గ్రావెల్ ఎంత నింపేవాడంటే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేల విడిచి లేచేవి. ఉదయగిరి వైపు కొండ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి బండిని వదిలేసేవాడు. గాల్లో పోయినట్టు ఉంటాది మేస్త్రీ అని నాతోనే గొప్పగా చెప్పుకున్నాడు. అన్నిటికీ మించి వాడికి పాటల పిచ్చి. బండికి నాలుగు స్పీకర్లు బిగించాడు. సాయంత్రానికి బ్యాటరీ చచ్చేది, సెల్ఫు కొట్టినా లేచేది కాదు. దానికి వాడు కనిపెట్టిన ఉపాయం, బండిని ఎప్పుడూ ఏటవాలు చోట నిలపడం. చక్రం కింద ఒక రాయి పెడతాడు. బయలుదేరాలంటే రాయి తీసి, దొర్లించి స్టార్టు చేసుకుంటాడు.

పోయిన ఏడాది వానాకాలం చివర్లో ఒకరోజు పొద్దున అట్లాగే ఊరి పక్కన చెరువుకట్ట వాలులో బండి నిలిపి, చక్రం కింద రాయి పెట్టి, పాటలు ఆపకుండా టిఫిన్‌కి వెళ్లాడు. ఒక గేదె వచ్చి వెనక టైరుకు వీపు రుద్దుకుంది. రాయి తప్పుకుంది. ట్రాక్టరు నిదానంగా, బ్యాటరీలో మిగిలిన కాస్త ప్రాణంతో పాడుకుంటూనే చెరువులోకి దిగిపోయింది. స్పీకర్లు మునిగే దాకా పాట వినిపించిందని చూసినవాళ్లు చెప్పారు.

చేపలు పట్టేవాళ్లు నీళ్లలోకి దూకి తాళ్లు కట్టారు, ఇంకో ట్రాక్టరు తెచ్చి లాగారు. ఒడ్డుకు చేరగానే పెంచలయ్య నాకు ఫోన్ చేశాడు. నేను గొంతు చించుకుని చెప్పాను. స్టార్టు చేయొద్దు, చేత్తో కూడా తిప్పొద్దు, ఇంజనులో నీళ్లున్నాయి, ఉన్నది ఉన్నట్టుగా లారీ మీద వేసి తీసుకురా అని. సరే అన్నాడు.

సరే అన్నవాడు ఏం చేశాడో తెలుసా? పక్కనున్న పెద్దమనిషి ఎవరో, ఇంకో పావుగంటలో దుర్ముహూర్తం వస్తుంది, అది రాకముందే ఒక్కసారి ఇంజను మోగకపోతే బండికి కీడు అన్నాడట. వీడు పరుగెత్తి నిమ్మకాయలు తెచ్చి నాలుగు టైర్ల కింద పెట్టాడు. బానెట్‌కి పసుపు కుంకుమ పూశాడు, కొబ్బరికాయ కొట్టాడు. ముందున్న ఇంకో ట్రాక్టరుకు తాడు కట్టించి లాగిస్తూ క్లచ్ వదిలాడు. టప్పుమని ఒక్క శబ్దం. లోపలి నీళ్లు అణగవు కదా, రెండు కనెక్టింగ్ రాడ్లు విల్లులా వంగాయి. నీళ్లలో పడినందువల్ల పోని ఇంజను, ముహూర్తం వల్ల పోయింది.

వెంకటరమణయ్య గారు బండిని నా షెడ్డుకు పంపి, పెంచలయ్యను కూడా పంపారు. నా పద్ధతి ఆయనకు తెలుసు. అయితే ఒక మాట ఖచ్చితంగా చెప్పారు. బాగయ్యే దాకా వీడు ఇక్కడ ఉంటాడు, ఆ తర్వాత వీడి దారి వీడిది, తాళం చెవి మాత్రం ఈ జన్మలో వీడి చేతికి ఇవ్వను అని. చెరువులో ముంచిన డ్రైవరని పేరు పడ్డాక ఇంకే ఓనరైనా ఎందుకిస్తాడు?

విప్పడం మొదలుపెట్టాం. ఎయిర్ క్లీనర్ నిండా బురద. అందులో వేలెడంత జెల్ల చేపపిల్ల ఒకటి. అప్పుడే అన్నం క్యారియర్ తెచ్చిన వాడి భార్య మల్లీశ్వరి దాన్ని చూసి, ఇంత తిప్పలు పడి పట్టినావు, కూరకి కూడా రాదే అంది. షెడ్డు షెడ్డంతా నవ్వింది, పెంచలయ్యతో సహా.

నాలుగో రోజు మాత్రం వాడు నవ్వలేదు. ఒక్కొక్క భాగం కడిగి గోనెసంచి మీద పరుస్తున్నాడు. నేను చూపిస్తూ వచ్చాను. క్లచ్ ప్లేటు కాగితంలా అరిగింది, అది నీ పాదం. గేరు పళ్లు విరిగాయి, అవి నీ గ్రావెల్ లోడ్లు. బ్రేకు లైనింగు మసి అయింది, అది నీ ఉదయగిరి కొండ. వీటిలో చెరువు చేసింది ఏదీ లేదు, అన్నీ పాత దెబ్బలే. వాడు చేతిలోని గేరును చాలాసేపు తిప్పి చూశాడు.

“ఇదంతా నేనే చేసినానా మేస్త్రీ? ఒక్క రోజన్నా అరవలేదే ఇది.”

“అరిచింది. నీ పాటల్లో నీకు వినపళ్ళా,” అన్నాను.

ఆ రోజు నుంచి వాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా పడుకోలేదు. బోల్టు బోల్టుకీ డీజిల్‌తో స్నానం చేయించాడు. మల్లీశ్వరి రోజూ క్యారియర్ తెచ్చి, వాడు తినే దాకా పక్కనే కూర్చుని నా తిట్లన్నీ వినేది. ఒకరోజు ఆమే చెప్పింది. వాళ్ల అన్న మద్రాసులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్ పని చూశాడట. ఒకటో తారీఖు కల్లా చేరాలట. పెంచలయ్య తల ఎత్తకుండా, గేటు కాడ కుర్చీలో కూర్చుంటే నేను చచ్చిపోతాను మేస్త్రీ అన్నాడు. అక్కడైతే చెడగొట్టడానికి బండి కూడా ఉండదులే అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. పాడు నోరు. ఆ సాయంత్రం వెంకటరమణయ్య గారికి ఫోన్ చేసి బతిమాలాను. నేను ఒకరిని బతిమాలడం అదే మొదలు. ఆయన వినలేదు. మేనల్లుడు నవీన్‌ని డ్రైవరుగా పెట్టేశానన్నారు.

ఇరవై రెండో రోజుకు బండి సిద్ధమైంది. పెంచలయ్య పొద్దున్నే వచ్చి, ఆయిలు చూసి, మెల్లగా స్టార్టు చేసి, పది నిమిషాలు చెవి ఆనించి విని ఆపేశాడు. మల్లీశ్వరి బట్టల సంచితో వచ్చి బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం బస్సుకు నెల్లూరు, అక్కడి నుంచి మద్రాసు.

పది గంటలకు వెంకటరమణయ్య గారు నవీన్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. నవీన్ నల్లద్దాలు తీయకుండానే సీటెక్కాడు, తాళం తిప్పాడు, తిప్పిన చేత్తోనే పూర్తిగా రేజు చేశాడు. కొత్త పిస్టన్లు, ఇంకా ఆయిలు పైకి చేరలేదు. నేను తిట్టడానికి నోరు తెరిచాను. నాకన్నా ముందే పెంచలయ్య ఒక్క గెంతులో బండెక్కి, ఆపే రాడ్డు లాగి, తాళం చెవి పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

“దిగరా కిందికి. ముందు దిగు. అది ఇంజననుకున్నావా, మీ ఇంటి టీవీ అనుకున్నావా? ఇంకా కండ్లు కూడా తెరవలేదు, అప్పుడే అట్టా తంతావా?”

అచ్చం నా తిట్టే, నా గొంతే. ఓనరు ఎదురుగా ఓనరు మేనల్లుణ్ని తిట్టాడు. ఇక వీడికి ఈ తాలూకాలో ఎవడూ ఎడ్ల బండి కూడా ఇవ్వడని అనుకున్నాను.

వెంకటరమణయ్య గారు నెమ్మదిగా దగ్గరకు వచ్చారు. “బండి ఎవరిదనుకున్నావురా?” అని అడిగారు.

పెంచలయ్య గుప్పిట విప్పలేదు. “మీదే అయ్యా. కానీ దీన్ని ఇరవై రెండు దినాలు నేను కడిగినాను. దీనికి లోపల ఏడేడ దెబ్బలుండాయో నాకు తెలుసు, కొట్టింది నేనే కాబట్టి. ఈ అబ్బయ్యకు తెలియదు. ఇంకొకడు కూడా కొడతా ఉంటే చూస్తా నిలబడలేను. నన్ను పంపించేయండి, పోతాను. దీన్ని మాత్రం మెల్లగా తోలమని చెప్పండి.”

ఆయన నావైపు చూశారు. జీవితంలో మొదటిసారి నేను నోరు మూసుకున్నాను. ఆయన మేనల్లుడి వైపు తిరిగి, “దిగు నవీనూ,” అన్నారు. తర్వాత పెంచలయ్యతో, కాలువకు నీళ్లు వదిలారనీ, రెండు రోజుల్లో నాట్లకు మడి దమ్ము చేయడానికి బండి రావాలనీ, నవీన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పమనీ చెప్పారు. చెప్పి, కుర్చీలో కూర్చుని నన్ను టీ అడిగారు.

పెంచలయ్య ముందు మొహం కడుక్కుని వచ్చాడు. వచ్చి స్క్రూడ్రైవరు అడిగి, స్పీకర్లు విప్పాడు. మూడు విప్పి, నాలుగోదాని దగ్గర ఆగి నా మొహం చూశాడు. ఒకటి ఉంచుకోమన్నాను, నేనూ మనిషినే కదా. బండి స్టార్టు చేసి, వేడెక్కే దాకా ఊరికే కూర్చున్నాడు. నవీన్ విసుక్కుంటే, గమ్మునుండు, విను అన్నాడు.

కదిలే ముందు మల్లీశ్వరిని ఎక్కమన్నాడు. ఆమె బట్టల సంచి మాత్రం తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టింది, తను అనంతసాగరం ఆటోలో వస్తానంది. ఏంది, నా తోలుడు మీద నమ్మకం లేదా అన్నాడు వాడు, మొహం చిన్నబోయి.

“నమ్మకానికేం, ఉండాది. కొత్త ఇంజనుకి మొదట్లో బరువు పెట్టగూడదని మేస్త్రీ రోజూ నీకు చెప్తానే ఉన్నాడు కదా,” అంది మల్లీశ్వరి, ఆటో స్టాండు వైపు నడుస్తూ.