మరువం లేని కనకాంబరాలు

తెనాలి స్టేషన్ బయట పూలమ్మే లక్ష్మీతిరుపతమ్మ కళ్లు రైలు దిగేవాళ్ల మీద ఉంటాయి, వేళ్లు మాత్రం ఒళ్లో పూలు కడుతూనే ఉంటాయి. ముందు రెండు బుట్టలు. మల్లెలకు గిరాకీ ఎక్కువ, కానీ ఆ పూటకు అమ్ముడుపోకపోతే మర్నాటికి ఎర్రబడిపోతాయి. కనకాంబరాలు రెండు రోజులున్నా రంగు తగ్గవు. వాటికి వాసన ఉండదు కాబట్టి మధ్యమధ్య మరువం వేసి కడుతుంది.

రోజూ భార్యకు మల్లెలు కొనే బాపయ్య మాస్టారు నెల్లాళ్ల తర్వాత కనిపించి, కనకాంబరాలు అడిగారు.

“అమ్మగారికి మల్లెలే ఇష్టం కదండీ?”

“క్యాన్సర్‌కి మందులు ఎక్కిస్తున్నారమ్మా. ఏ వాసన తగిలినా వాంతి చేసుకుంటోంది. పూలు మాత్రం కావాలంటోంది.”

తిరుపతమ్మ కట్టి ఉన్న దండ తీయబోయి, అందులో మరువం ఉందని ఆగింది. తన వేళ్లు వాసన చూసుకుంది. బండి వేళ కావడంతో మల్లెల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె లేచి పక్కనున్న టీ కొట్టు కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది.

“బండెళ్లిపోద్దమ్మా, త్వరగా ఇవ్వు,” అందొకావిడ.

“కాస్త ఆగండక్కా,” అని తిరుపతమ్మ కొత్త దారం తీసింది. “జడకి మూర చాలా మాస్టారూ?”

“జడ లేదమ్మా ఇప్పుడు. చేతికి చుడతాను.”

ఆమె మరువం వేయకుండా కట్టడం మొదలుపెట్టింది. కొంచెంసేపు కట్టాక, “చెయ్యి లావా, సన్నమాండి?” అని అడిగింది.

“సన్నబడిపోయింది.”

తిరుపతమ్మ చివరి రెండు ముళ్లు విప్పి, దండను చిన్నది చేసి ఇచ్చింది.