ఎనిమిది గ్లాసులకు ఒక గ్లాసు

మొన్న చలి రోజుల్లో, అనంతపురంలో మేము అద్దెకుండే ఇంటి కింది వాటా ఆమె దగ్గుకుంటూ పైకొచ్చి, "అక్కా, పల్లెల్లో పెరిగినదానివి, నీకు తెలుస్తాది గదా, దగ్గుకు కషాయం ఎట్ల కాయాలో చెప్పు" అని అడిగింది. శొంఠి ఇంత, మిరియాలు ఇన్ని, వాము చిటికెడు, ధనియాలు గుప్పెడు అని గడగడా చెప్పుకుంటూ పోయాను. నీళ్లు ఎన్ని పోయాలి, ఎంతకు దించాలి అనే దగ్గరికి వచ్చేసరికి అక్కడికి ఆపేశాను. ఆమె నా మొహంలోకి చూసి, "పోనీలే అక్కా, ఫోన్లో చూసుకుంటా" అని దిగిపోయింది. పక్కన మిషను మీద జాకెట్టు కుడుతున్న నా కూతురు ఒకసారి తలెత్తి చూసి, సూదిలో దారం ఎక్కించుకుంది. ఆమె మిషనుకు మోటారు పెట్టించాము. కాళ్లతో తొక్కలేదు. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి. మా ఇంట్లో ఆ కషాయం కాచక ఇరవై ఏళ్లు దాటింది.

కషాయం మా అత్తది. ఆమెకు తిరగమాత డబ్బానే ఆస్పత్రి. మామకు కడుపునొప్పి వస్తే వామూ ఉప్పూ కలిపి నమిలించేది. చంటిపిల్లలు ఏడిస్తే వాము తాను నమిలి, పిల్లల పొట్ట మీద ఊదేది. ఆ ఘాటుకో, ఆమె మొహం చూసి భయపడో, పిల్లలు ఊరుకునేవాళ్లు. పంటినొప్పికి లవంగం, సెగగడ్డకు పసుపూ ఆముదమూ, ఆకలి లేకపోతే శొంఠీ బెల్లమూ. మా పల్లెకు రోజూ వచ్చే బస్సు కండక్టరుకు ఎప్పుడూ గొంతు పట్టేసి ఉండేది. ఆమె మిరియాల పొడి పొట్లం కట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఆయన బస్సు ఆపించి, కిటికీలోంచి చెయ్యి చాపేవాడు. "తేనెతో నాకప్పా, నీళ్లు తాగొద్దు" అని ఆమె చెప్పి ముగించేదాకా బస్సు కదిలేది కాదు. లోపల జనం గొణుక్కున్నా ఆమెకు వినపడేది కాదు. కషాయం విషయంలో మాత్రం ఆమెది ఒకటే పట్టు. ఎనిమిది గ్లాసుల నీళ్లు పోసి, సన్న సెగ మీద ఒక్క గ్లాసుకు దించాలి. నేను తొందరపడి రెండు గ్లాసులుండగానే దించితే, "ఇది కషాయమా, సారా?" అనేది. మా పక్క సారంటే పప్పు తేరిన నీళ్లతో చేసే చారు. నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది గానీ, ఆమె చెయ్యి తగిలితే జబ్బులు తగ్గేవి, అబద్ధం చెప్పలేను.

తొంభైల చివర వరసగా వానలు లేవు. శనక్కాయ గింజలు భూమిలోనే మాడిపోయాయి. ఊరిబావి అడుగున బురద, తర్వాత ఎండిన పెళ్లలు. ఆఖరికి ఊరివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ బోరు వేయించారు. ఎంతో లోతుకు పోయాక నీళ్లు పడ్డాయి. ఆ రోజు మేమంతా ఆ బురదనీళ్లు నెత్తిన చల్లుకున్నాము. మా ఊళ్లో కొత్త నీళ్లకు పసుపు కుంకుమ పెట్టడం ఆనవాయితీ. మా అత్త టెంకాయ కొట్టి, బోరు మొదలుకు పసుపు పూసి, "గంగమ్మా, మమ్మల్ని ఇడిసిపెట్టి పోవాకమ్మా" అని మొక్కింది. ఏడాది తర్వాత ఎవరో ఇద్దరు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. మరి కొన్నాళ్లకు ఒకాయన వచ్చి బోరు తలకు ఎర్ర రంగు పూసి, పక్కనున్న సిమెంటు దిమ్మె మీద అదే రంగుతో ఏవో అక్షరాలు రాసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. బిందెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. "సర్కారోళ్లు కూడా మన గంగమ్మకు బొట్టు పెట్టినారే!" అని మా అత్త మురిసిపోయింది. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం ఆ అక్షరాల మీదనే పసుపు పూసేవాళ్లం.

నా కూతురు ఆ నీళ్లతోనే పెరిగింది. పళ్లకు గోధుమరంగు చారలు వచ్చాయి. ఉప్పూ బొగ్గూ పెట్టి తోమించాము, పోలేదు. ఊళ్లో పిల్లలందరికీ అట్లాంటి పళ్లే కాబట్టి అది రోగమని ఎవరికీ తోచలేదు. ఏడో ఏట, ఎనిమిదో ఏట మోకాళ్లు నొప్పులంది. నడుస్తుంటే కాళ్లు లోపలికి వంగుతున్నట్టు నాకు కనిపించింది. "వాతం. ఎముకల్లో చలి చేరుకునింది" అని మా అత్త తేల్చి, శొంఠి, వాము, మెంతులు దంచి కషాయం మొదలుపెట్టింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. పాప ముక్కు మూసుకుని తాగేది.

"అవ్వా, నా కాళ్లు ఎప్పుడు సక్కగైతాయి?"

"తాగితే అయితాయి. ఒక్క సుక్క గూడా వదలొద్దు."

ఒక్క చుక్క కూడా వదలకుండా నేనే దగ్గరుండి తాగించాను. రెండేళ్లు.

ఆ రోజుల్లోనే బడి అరుగు మీద సాయంత్రాలు ఒక అమ్మాయి పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేది. ముప్పై రెండేళ్లకు నేను పలక పట్టాను. మా అత్త ఎగతాళి చేసింది గానీ, నేను పోయేటప్పుడు పొయ్యి తానే చూసుకునేది. ఒత్తులు కూడబలుక్కునే దశలో ఉండగా, ఒక పొద్దున బోరు దగ్గర నా వంతు కోసం కూర్చుని, పసుపు కింద ఎర్రగా కనబడేదాన్ని ఊరికే చదవబోయాను. 'ఈ నీరు' అని వచ్చింది. సంతోషమైంది. కొంగుతో పసుపు తుడిచి మిగతాది చదివాను. 'తాగుటకు పనికిరాదు.' తప్పు చదివానేమోనని మళ్లీ మొదటినుంచి వేలు పెట్టి చదివాను. అక్షరాలు మారలేదు.

బిందె అక్కడే వదిలేసి ఇంటికి పోయి మా ఇంటాయనకు చెప్పాను. ఆయన ఐదో తరగతి దాకా చదివినవాడు. పశువులకు మేత వేస్తున్నవాడు ఆగలేదు.

"తెలుసు" అన్నాడు.

"తెలుసునా! తెలిసి సెప్పకపోతివే!"

"సెప్తే ఏం చేసేదానివి? యాడుండాయి ఇంకో నీళ్లు? తెలిసినోళ్లమంతా తాగుతానే ఉండాము గదా."

ఆయన మీద చాలా ఏళ్లు కోపం పెట్టుకున్నాను.

పాపను తీసుకుని అనంతపురం బస్సెక్కాను. మా అత్త కూడా బయలుదేరింది. డాక్టరమ్మ చిన్న వయసామె. పాప కాళ్లు చూసింది, పళ్లు చూసింది, ఎముకల ఫోటో తీయించింది. నీళ్లలో ఉండే ఒక విషం ఎముకల్లోకి దిగిందని చెప్పి, "మందులేమైనా వాడారా?" అని అడిగింది. మా అత్త ముందుకు జరిగింది. ఇంత చదివిన మనిషి తన వైద్యం అడుగుతోందని ఆమెకు గర్వం. "మాత్రలు గీత్రలు ఏం లేవమ్మా. నా చేతి కషాయమే. శొంఠి, వాము, మెంతులు. మంది మాదిరి తూతూమంత్రం కాదు, ఎనిమిది గ్లాసులు పోసి ఒక్క గ్లాసుకు దించుతా. దినానికి రెండు తూర్లు."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. "ఏ నీళ్లతో అవ్వా?"

"ఇంకే నీళ్లుండాయమ్మా, బోరు నీళ్లే."

ఆ డాక్టరు పిల్ల చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. నెమ్మదిగానే చెప్పింది. కాచితే ఆవిరయ్యేది నీళ్లే, విషం గిన్నెలోనే ఉంటుంది, ఎనిమిది గ్లాసుల్లో ఉన్నదంతా ఒక్క గ్లాసులోకి వస్తుంది అని. శొంఠిలో, వాములో తప్పేమీ లేదని కూడా అంది. కాళ్లు తిరిగి చక్కబడతాయా అని నేను అడిగాను. నీళ్లు మారిస్తే ఇంకా వంగకుండా ఉండవచ్చు అంది. నేను అడిగింది అది కాదు. ఆమెకూ తెలుసు.

తిరుగు బస్సులో ఆ కండక్టరే ఉన్నాడు. "అవ్వా, గొంతు మళ్లీ పట్టుకునింది, రేపు పొడి తెస్తావా?" అన్నాడు. "అయిపోయిందప్పా" అంది మా అత్త. మరుసటి రోజు నుంచి ఎవరొచ్చి అడిగినా అదే మాట. డబ్బా నిండుగానే ఉండేది, తిరగమాతకు నేను వాడుకునేదాన్ని. ఆమె మరి నాలుగేళ్లు బతికింది. పాప నడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఒక్కసారి మాత్రం, నేను తనకు తల దువ్వుతుంటే, "మొత్తం ఎన్ని గ్లాసులు తాపించింటానే?" అని అడిగింది. "నువ్వొక్కదానివేనా అత్తా, గ్లాసు పట్టుకునింది నేను గదా" అన్నాను. అది ఓదార్పు అనుకుని అన్నానో, నా వాటా నేను అడిగానో చెప్పలేను.

డాక్టరమ్మ నీళ్లు మార్చమంది. ట్యాంకరు వస్తే కొట్లాడి ఒక బిందె పట్టి పాపకు విడిగా పెట్టేదాన్ని. రాని రోజుల్లో పాప కూడా బోరు నీళ్లే తాగింది, దాహమైతే ఏం చేస్తాము? దిమ్మె మీది మాట నేను ఊరంతా చదివి వినిపించాను. ఆడవాళ్లు విన్నారు, నిట్టూర్చారు, బిందెలు నింపుకుని పోయారు. మరుసటి శుక్రవారం నుంచి పసుపు పూయడం మాత్రం మానేశారు. పైపుల్లో మంచినీళ్లు మా పల్లెకు వచ్చేటప్పటికి నా కూతురికి పద్దెనిమిది దాటింది. మొదటి రోజు ఆ నీళ్లు గ్లాసులో పట్టి ఇస్తే, తాగి, "సప్పగుండాయమ్మా" అని నవ్వింది. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, నీళ్లు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. పిల్ల ఎముకలు మాత్రం ఎవరికోసమూ ఆగకుండా, తమ వేళకు తాము ముదిరిపోయాయి.